కొలత, మాట, నిర్ణయం: ఉద్దానం సీమ నుంచి ఒక ఇంజనీరింగు పట్టభద్రుని ప్రజాజీవితం

ఇంజనీరు పని కొలతతో మొదలవుతుంది. ఏటి మీద వంతెన కట్టవలసి వస్తే ఎంత వరద వస్తుందో, అడుగున నేల ఎంత బరువు మోస్తుందో, కట్టడం ఎన్నాళ్ళు నిలవాలో ముందుగా లెక్క కడతాడు. ప్రజాప్రతినిధి పని మాటతో మొదలవుతుంది. పదిమంది చెప్పింది విని, ఏది ముందు జరగాలో ఏది తరువాత జరగాలో తేల్చి, ఆ తేల్చినదానికి తిరిగి ఆ పదిమందికే జవాబు చెప్పుకోవలసి ఉంటుంది. ఈ రెండు పనులూ ఒకే వ్యక్తి జీవితంలో కలిసినప్పుడు కొలత మాటకు ఎంతవరకు తోడ్పడుతుంది? ఎక్కడ చాలకుండా పోతుంది? శ్రీకాకుళం జిల్లాలోని పలాస, టెక్కలి, ఉద్దానం ప్రాంతాల అనుభవం ఈ విషయాన్ని చక్కగా విశదపరుస్తుంది.

తెలుగువారికి ఇటువంటి ఉదాహరణ కొత్తది కాదు. కృష్ణా జిల్లా కంకిపాడులో 1902లో జన్మించిన కానూరి లక్ష్మణరావు బర్మింగ్‌హాం విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొంది, నాగార్జునసాగరం వంటి భారీ నిర్మాణాల్లో పాలుపంచుకొని, ఆ తరువాత రాజకీయాల్లోకి వచ్చారు. 1962, 1967, 1971 ఎన్నికల్లో విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికై, కేంద్రంలో నీటిపారుదల, విద్యుచ్ఛక్తి శాఖలు నిర్వహించారు. ఆయన తన ఆత్మకథకు ‘ది క్యూసెక్స్ కాండిడేట్’ అని పేరు పెట్టుకున్నారు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీటి ప్రవాహం. ఆయన విషయంలో వృత్తి ముందు, రాజకీయం తరువాత.

శ్రీకాకుళం ఉదాహరణ వేరు. ఇక్కడ వృత్తిలో తలపండిన ఇంజనీరు రాజకీయాల్లోకి రాలేదు. ఇంజనీరింగు చదివిన యువకుడు రాజకీయ కుటుంబం నుంచి సభకు వెళ్ళాడు. అందువల్ల అతని చదువు ఆ పనులన్నింటికీ కారణమని చెప్పడం పొరపాటు. ఇంజనీరు వేసే ప్రశ్నలు ఆ ప్రాంతపు సమస్యలకు ఎలా అన్వయిస్తాయో చూడటమే మన పని.

నిమ్మాడ నుంచి ఢిల్లీకి

కింజరాపు రామ్మోహన్ నాయుడు 1987 డిసెంబరు 18న శ్రీకాకుళం జిల్లా నిమ్మాడలో జన్మించారు. ఈ గ్రామం కోటబొమ్మాళి మండలంలో, టెక్కలి శాసనసభా నియోజకవర్గంలో ఉన్నది. తండ్రి కింజరాపు ఎర్రన్నాయుడు మొదట శాసనసభ్యులుగా, 1996 నుంచి వరుసగా నాలుగు ఎన్నికల్లో శ్రీకాకుళం లోక్‌సభ సభ్యులుగా ఎన్నికైనవారు. 1996–98 మధ్య కేంద్రంలో గ్రామీణాభివృద్ధి శాఖ మంత్రి. పినతండ్రి అచ్చెన్నాయుడు 2014 నుంచి మూడు ఎన్నికల్లో టెక్కలి శాసనసభ్యులుగా ఎన్నికయ్యారు.

రామ్మోహన్ నాయుడు అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చదివారు. చంద్రునిపై మొదట కాలుమోపిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ చదివినది కూడా అక్కడే. తరువాత లాంగ్ ఐలాండ్ విశ్వవిద్యాలయంలో వ్యాపార నిర్వహణలో పట్టా పొందారు. 2012 నవంబరు 2న ఎర్రన్నాయుడు రోడ్డు ప్రమాదంలో మరణించడంతో కుమారుడు రాజకీయాల్లోకి వచ్చి, 2014లో 26 సంవత్సరాల వయసున తెలుగుదేశం పార్టీ తరఫున లోక్‌సభకు ఎన్నికయ్యారు. 2019లోను, 2024లోను తిరిగి గెలిచారు. 2024 జూన్ 9న ప్రమాణ స్వీకారం చేసి కేంద్ర పౌర విమానయాన మంత్రి అయ్యారు. అప్పటికి ఆయన వయసు 36. కేంద్ర క్యాబినెట్ మంత్రుల్లో అంత చిన్న వయసువారు అంతకు ముందు లేరు.

శ్రీకాకుళం లోక్‌సభ నియోజకవర్గంలో ఇచ్ఛాపురం, పలాస, టెక్కలి, పాతపట్నం, శ్రీకాకుళం, ఆమదాలవలస, నరసన్నపేట అనే ఏడు శాసనసభా స్థానాలు ఉన్నాయి. పడమట మహేంద్రగిరి, తూర్పున బంగాళాఖాతం. నడుమ కొబ్బరి, జీడిమామిడి, పనసతోటలు నిండిన సన్నని తీరభూమి. ‘ఉద్యానం’ అనే మాట నుంచే ‘ఉద్దానం’ వచ్చిందంటారు. ఆ తోటల జీడిగింజలతో పలాసలో జీడిపప్పు పరిశ్రమ పెరిగింది. టెక్కలి వైపు గ్రానైటు రాయి ప్రసిద్ధం.

సభ్యుని చేతిలోని పనిముట్లు

ఎన్నికైన సభ్యుడు అన్ని పనులూ చేయించగలడని చాలామంది అనుకుంటారు. మన రాజ్యాంగంలోని ఏడవ షెడ్యూలు అధికారాలను మూడు జాబితాలుగా విభజించింది. విమానాశ్రయాలు కేంద్ర జాబితాలోనివి. నీటి సరఫరా, కాలువలు, భూమి, ప్రజారోగ్యం రాష్ట్ర జాబితాలోనివి. విద్యుత్తు, భూసేకరణ ఉమ్మడి జాబితాలోనివి. కనుక ఉద్దానం మంచినీటి కోసం గొట్టాలు వేయించే అధికారం పార్లమెంటు సభ్యునికి నేరుగా లేదు.

అతని చేతిలో ఉన్న పనిముట్లు వేరు. మొదటిది ప్రశ్న. లోక్‌సభలో ఉదయం మొదటి గంట ప్రశ్నోత్తరాల సమయం. నక్షత్రపు గుర్తు గల ప్రశ్నలకు మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి. దాని మీద అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. గుర్తు లేని ప్రశ్నలకు రాతపూర్వకమైన జవాబు వస్తుంది. ఇంజనీరు భాషలో చెప్పాలంటే ప్రశ్న ఒక మీటరు వంటిది. అది యంత్రాన్ని నడపదు, యంత్రం ఎలా నడుస్తున్నదో చూపుతుంది. రెండవది స్థానిక ప్రాంతాభివృద్ధి నిధి. 1993లో మొదలైన ఈ పథకం కింద 2011–12 నుంచి సభ్యునికి ఏటా 5 కోట్ల రూపాయల మేరకు పనులు సూచించే వీలు కలిగింది. సభ్యుడు సూచిస్తాడు, మంజూరు చేసి చేయించేది జిల్లా యంత్రాంగం. ఏడు శాసనసభా స్థానాలకు పంచితే ఒక్కొక్క దానికి దాదాపు 71 లక్షలు. పాఠశాల గదికో, తాగునీటి తొట్టికో ఇది చాలుతుంది. వందల గ్రామాల నీటి పథకానికి చాలదు.

నీరు: తెలియని కారణంతో పోరాటం

ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి ఇతర ప్రాంతాలకంటే చాలా ఎక్కువ. ఆరోగ్యవంతుని మూత్రపిండాలు నిమిషానికి సుమారు 100 మిల్లీలీటర్ల ద్రవాన్ని రక్తం నుంచి వడపోస్తాయి. మూడు నెలలకు మించి ఈ వేగం 60 కంటె తక్కువగా ఉంటే దీర్ఘకాలిక వ్యాధిగా పరిగణిస్తారు. రక్తంలోని క్రియాటినిన్ అనే వ్యర్థ పదార్థాన్ని కొలిచి ఈ వేగాన్ని అంచనా వేస్తారు. అయితే మూత్రపిండాల శక్తి దాదాపు సగం పోయేవరకు క్రియాటినిన్ పెద్దగా పెరగదు. నొప్పీ ఉండదు. అందువల్ల తోటలో పనిచేసుకునే మనిషికి తన జబ్బు సంగతి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. 2019 నుంచి ప్రచురితమైన సర్వేల్లో ఈ ప్రాంతపు పెద్దవారిలో సుమారు అయిదో వంతు మందికి వ్యాధి ఉన్నట్లు తేలింది.

మధుమేహం, రక్తపోటు ఈ వ్యాధికి సాధారణ కారణాలు. కాని ఇక్కడ ఆ రెండూ లేనివారిలో కూడా ఇది కనిపిస్తున్నది. శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలోను, ఎల్ సాల్వడార్, నికరాగ్వా దేశాల వ్యవసాయ కూలీల్లోను ఇదే విధమైన వ్యాధి ఉన్నది. ఎండలో పని చేస్తూ తగినంత నీరు తాగకపోవడం, భూగర్భజలంలోని సిలికా, భార లోహాలు, పురుగుమందులు, నొప్పిమాత్రల అతివాడకం, వంశపారంపర్యం – ఇలా అనేక కారణాలను పరిశోధకులు పరిశీలించారు. ఏ ఒక్కటీ సందేహం లేకుండా రుజువు కాలేదు.

ఇక్కడ శాస్త్రజ్ఞుని పద్ధతికీ ఇంజనీరు పద్ధతికీ ఉన్న భేదం గమనించాలి. కారణం రుజువయ్యేవరకు శాస్త్రజ్ఞుడు తీర్పు చెప్పడు. ఇంజనీరు అంతకాలం ఆగలేడు. అనుమానం ఉన్న అంశాల్లో ఒకదానినైనా తొలగించగలిగితే తొలగిస్తాడు. భూగర్భజలం మీద అనుమానం ఉన్నది కనుక నది నీరు తెచ్చి ఇవ్వడం అటువంటి పని. పార్లమెంటు సభ్యులుగా రామ్మోహన్ నాయుడు ఈ వ్యాధి సమస్యను లోక్‌సభలో ప్రస్తావించినవారిలో ఒకరు. పని మాత్రం రాష్ట్ర ప్రభుత్వాల చేతిలోనిది. 2017 ప్రాంతంలో డయాలిసిస్ కేంద్రాలు విస్తరించాయి. తరువాతి ప్రభుత్వం సుమారు 700 కోట్ల రూపాయలతో హిరమండలం జలాశయం నుంచి 807 గ్రామాలకు నీరందించే పథకాన్ని, పలాసలో 200 పడకల ఆసుపత్రితో కూడిన కిడ్నీ పరిశోధన కేంద్రాన్ని చేపట్టింది. ఈ రెండింటినీ 2023 డిసెంబరు 14న ప్రారంభించారు. ఒక పార్టీ మొదలుపెట్టినదానిని మరొక పార్టీ పెంచవలసి రావడం ఇటువంటి పనుల స్వభావంలోనే ఉన్నది. మూత్రపిండాలు పాడవడానికి పట్టే కాలం అయిదు సంవత్సరాల పదవీకాలం కంటె ఎక్కువ.

ఆ నీటికి కేంద్రంతోనూ సంబంధం ఉన్నది. హిరమండలం జలాశయాన్ని నింపేది వంశధార. అది ఒడిశాలో పుట్టి, కళింగపట్నం వద్ద సముద్రంలో కలుస్తుంది. గొట్టా వద్ద లభించే 115 శతకోటి ఘనపుటడుగుల నీటిని రెండు రాష్ట్రాలూ సమానంగా పంచుకోవాలని 1962లో ఒప్పందం కుదిరింది. వివాదం తలెత్తగా 2010లో ట్రిబ్యునల్ ఏర్పడి, 2017 సెప్టెంబరులో తీర్పు నిచ్చింది. ఉద్దానంలోని కుళాయికి నీరు రావాలంటే భుజాన గొట్టం మోసే కూలీ నుంచి ట్రిబ్యునల్ న్యాయమూర్తి వరకు అందరి పనీ కలవాలి.

గాలి: వర్గ సూత్రం నేర్పిన పాఠం

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. గాలి వేగం గంటకు 140–150 కిలోమీటర్లు. ఉద్దానంలో కొబ్బరిచెట్లు మొదలంటా కూలిపోయాయి. విద్యుత్తు స్తంభాలు పడిపోయాయి.

గాలి తోసే శక్తి వేగంతో పాటు పెరగదు; వేగం యొక్క వర్గంతో పెరుగుతుంది. ఇంజనీర్లు వాడే సూత్రం ప్రకారం చదరపు మీటరు మీద పడే పీడనం, న్యూటన్లలో, 0.6 × (వేగం)². ఇందులో వేగం సెకనుకు మీటర్లలో ఉండాలి. గంటకు 75 కిలోమీటర్లంటే సెకనుకు సుమారు 20.8 మీటర్లు, పీడనం 260 న్యూటన్లు. గంటకు 150 కిలోమీటర్లంటే 41.7 మీటర్లు, పీడనం 1,040 న్యూటన్లు. వేగం రెండింతలైతే తోపుడు నాలుగింతలు. అంటే చదరపు మీటరుకు సుమారు 106 కిలోగ్రాముల బరువును అడ్డంగా మోపినట్లు. నిటారుగా నిలిచిన సన్నని స్తంభానికి ఇది ఎటువంటి పరీక్షో విద్యార్థులు ఊహించవచ్చు.

స్తంభం పడితే పోయేది దీపం ఒక్కటే కాదు. బోరుబావి మోటారు ఆగుతుంది. తొట్టి ఎండుతుంది. డయాలిసిస్ యంత్రానికి విద్యుత్తూ కావాలి, శుద్ధమైన నీరూ కావాలి. వారానికి రెండు మూడు పర్యాయాలు ఆ యంత్రం మీద ఆధారపడే రోగికి తుపాను గాలి ఆసుపత్రిలో కూడా తగులుతుందన్నమాట. ఇలా ఒక వ్యవస్థ చెడితే దానిపై ఆధారపడిన మరొక వ్యవస్థ చెడడం విద్యుత్ ఇంజనీరింగులో తెలిసిన పాఠమే. కాని నష్టపరిహారం నిర్ణయించేటప్పుడు మరో రకం లెక్క వస్తుంది. స్తంభాన్ని వారంలో నిలబెట్టవచ్చు. కొబ్బరిమొక్క కాపుకు రావడానికి అయిదారేళ్ళు, అంతకంటె ఎక్కువ కూడా పడుతుంది. కూలిన చెట్టుకు ఇంత అని ధర కట్టవచ్చు. ఆ అయిదారేళ్ళు ఆ కుటుంబం ఏమి తినాలన్నది పట్టికలో ఇమడదు. దానిని చెప్పవలసినవాడు ప్రజాప్రతినిధి.

ఆకాశం: కారణం వేరు, నింద వేరు

2024లో విమానయాన శాఖ చేతికి రావడంతో రామ్మోహన్ నాయుడు పని ప్రశ్న అడిగే స్థానం నుంచి జవాబు చెప్పే స్థానానికి మారింది. 1934 నాటి విమానాల చట్టం స్థానంలో ‘భారతీయ వాయుయాన్ అధినియం’ అనే కొత్త చట్టం 2025 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది.

ఆ సంవత్సరమే జూన్ 12న అహమ్మదాబాదు నుంచి లండన్ బయలుదేరిన ఎయిర్ ఇండియా విమానం కొద్ది క్షణాల్లోనే కూలిపోయింది. విమానంలోని 242 మందిలో ఒక్కరే బ్రతికారు. నేలమీద ఉన్నవారితో కలిపి 260 మంది మరణించారు. ఇటువంటప్పుడు దేశమంతా ఒకే ప్రశ్న అడుగుతుంది: తప్పు ఎవరిది? అంతర్జాతీయ నియమాల ప్రకారం ప్రమాద పరిశోధన ఉద్దేశం వేరు. మరొక ప్రమాదం జరగకుండా కారణం కనుగొనడమే దాని పని, నింద మోపడం కాదు. అందుకే మన దేశంలో 2012లో విమాన ప్రమాదాల పరిశోధనకు ప్రత్యేక సంస్థ ఏర్పడింది. విమానాలకు అనుమతులిచ్చే సంస్థే ప్రమాద కారణాన్ని వెదికితే తన పొరపాటును తాను చూడలేకపోవచ్చు. ‘బ్లాక్ బాక్స్’ అనబడే నమోదు పేటికలు నిజానికి నల్లనివి కావు. శిథిలాల్లో సులభంగా కనబడేందుకు వాటికి నారింజరంగు వేస్తారు. ప్రాథమిక నివేదిక నెలలోపు ఇవ్వాలన్నది నియమం. అది జూలై 12న వెలువడింది. మంత్రి ఇంజనీరే అయినా, నివేదిక రాకముందు కారణం చెప్పే అధికారం ఆయనకు లేదు. తెలిసిన విషయంలో కూడా పరిశోధకుని మాటకోసం ఆగడం శాఖను నడిపేవాడు పాటించవలసిన క్రమశిక్షణ.

భూమి: పటంలో కనపడనిది

చివరి సమస్య ఆకాశాన్ని, ఉద్దానాన్ని ఒకచోట చేర్చింది. పలాస ప్రాంతంలో విమానాశ్రయం నిర్మించాలనే ప్రతిపాదన మీద 2025లో పరిశీలన సాగింది. మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లోని కొన్ని గ్రామాల రైతులు తమ జీడి, కొబ్బరితోటలు పోతాయని దానిని వ్యతిరేకించారు. విమానాశ్రయం వస్తే జీడిపప్పు, చేపలు, రొయ్యలు వేగంగా దూరప్రాంతాలకు చేరతాయని, ఉద్యోగాలు వస్తాయని అనుకూలించేవారు చెప్పారు.

ఇంజనీరు ఇందులో చాలా కొలవగలడు. పెద్ద విమానానికి రెండున్నర నుంచి మూడున్నర కిలోమీటర్ల రన్‌వే కావాలి. అది ఆ ప్రాంతంలో ఎక్కువగా వీచే గాలి దిశకు అనుగుణంగా ఉండాలి. వేడిగాలి పలుచబడుతుంది కనుక ఎండాకాలంలో విమానం లేవడానికి ఎక్కువ దూరం పరుగెత్తాలి. చుట్టుపక్కల కొండలు, ఎత్తయిన కట్టడాలు దారికి అడ్డు రాకూడదు. 2008 నాటి విధానం ప్రకారం మరొక విమానాశ్రయానికి 150 కిలోమీటర్ల లోపు కొత్తది కట్టాలంటే దాని ప్రభావాన్ని కేంద్రం ప్రత్యేకంగా పరిశీలించాలి. విజయనగరం జిల్లా భోగాపురం ఈ దూరంలోనే ఉన్నది.

కాని పటం మీద చూపని సంగతులు కొన్ని ఉన్నాయి. ఈ తీరానికి ఆ పాఠం చాలా ఖరీదుకు వచ్చింది. సోంపేట వద్ద ‘బీల’ అని పిలిచే చిత్తడినేలల్లో థర్మల్ విద్యుత్కేంద్రం తలపెట్టినప్పుడు 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు మరణించారు. ఆ ప్రాజెక్టుకు ఇచ్చిన పర్యావరణ అనుమతి రద్దయింది. టెక్కలి సమీపంలోని కాకరాపల్లి ‘తంపర’ భూముల్లో మరొక విద్యుత్కేంద్రం విషయంలో 2011 ఫిబ్రవరి 28న మళ్ళీ కాల్పులు జరిగి, ప్రాణాలు పోయాయి. కాగితం మీద బీడుగా కనిపించిన నేల నిజానికి వాననీటిని పట్టి ఉంచే దూది వంటిది. చేపలకు, పశువుల మేతకు, కింది పొలాలకు అదే ఆధారం. ఈ సంగతి సర్వేయరు గొలుసుకు అందలేదు. ఊరివారికి ముందునుంచీ తెలుసు. ఈ అనుభవాల తరువాత వచ్చిన 2013 కేంద్ర భూసేకరణ చట్టంలో సామాజిక ప్రభావ అంచనా, బహిరంగ విచారణ అనే మెట్లు చేరాయి.

ఒకే వ్యక్తి ఒకవైపు విమానయాన మంత్రి, మరొకవైపు అదే నేల ప్రతినిధి అయినప్పుడు కష్టం రెట్టింపవుతుంది. రన్‌వే పొడుగు మీటర్లలో చెప్పవచ్చు. తాత నాటిన తోట పోవడం ఏ ప్రమాణంలో చెప్పాలి? రెండింటినీ ఒకే త్రాసులో వేసే సూత్రం ఇంజనీరింగులో లేదు. వినడం, వివరించడం, ఒప్పించడం, అవసరమైతే స్థలమో ఆలోచనో మార్చుకోవడం – ఇవే అక్కడ పనికివచ్చే సాధనాలు.

ఫలితం తిరిగి చేరే దారి

ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో పునర్నివేశం అనే భావన ఉన్నది. యంత్రం నుంచి బయటికి వచ్చిన ఫలితంలో కొంత భాగాన్ని తిరిగి లోపలికి పంపి, తేడా ఉంటే సరిదిద్దుకోవడమే ఇది. ఇస్త్రీపెట్టె వేడెక్కగానే దానంతట అది ఆగి, చల్లారగానే తిరిగి పనిచేయడం దీనికి సులభమైన ఉదాహరణ.

ప్రజాస్వామ్యంలో ఎన్నికలు ఇటువంటి పునర్నివేశం. శ్రీకాకుళంలో 2014లో 1,27,000కు పైగా ఉన్న ఆధిక్యం 2019లో 7,000 లోపుకు పడిపోయింది. 2024లో 3,27,000 దాటింది. అభ్యర్థి ఒకరే, నియోజకవర్గం ఒకటే. పార్టీల గాలి, ప్రభుత్వాల మీద తీర్పు, అభ్యర్థి పని – అన్నీ ఆ ఒక్క అంకెలోనే కలిసిపోయాయి. దేనికి ఎంత పాలు ఉన్నదో అంకె చెప్పదు. పైగా అది అయిదేళ్ళకొకసారి వస్తుంది. ఇస్త్రీపెట్టెకు అంత ఆలస్యమైతే బట్ట మాడిపోతుంది. అందుకే ఎన్నికకూ ఎన్నికకూ నడుమ సభలో ప్రశ్నలు, గ్రామసభలు, బహిరంగ విచారణలు, పత్రికలు, సర్వేలు అవసరమవుతాయి.

ఉద్దానం నీటి పథకానికి కూడా ఇదే వర్తిస్తుంది. నది నీరు వచ్చిన గ్రామాల్లో కొత్త రోగుల సంఖ్య తగ్గుతున్నదా లేదా అన్నది ఒక ఏడాదిలో తేలే విషయం కాదు. అవే గ్రామాల్లో, అవే పద్ధతులతో, క్రియాటినిన్‌ను పది పదిహేనేళ్ళు వరుసగా కొలవాలి. తగ్గితే నీటి మీద అనుమానం బలపడుతుంది; తగ్గకపోతే ఎండ, పని పరిస్థితులు, మందుల వైపు వెదకాలి. ఈ లోపల ప్రభుత్వాలు మారుతాయి, సభ్యులు మారుతారు. కొలత మాత్రం ఆగరాదు. దానిని ఆపకుండా సాగించడానికి ఏటా బడ్జెటులో డబ్బు కేటాయించాలి; అది అడిగి తెచ్చేవారు ఎవరైనా, వారు ఇంజనీరింగు చదివినా చదవకపోయినా, కవిటి తోటల్లో పనిచేసే కూలీకి చేయగల మేలు అది.